ఆకుకూరలోని సంజీవని – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన శ్రీ యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. పేదరికముతోడను, తండ్రిగారి అనారోగ్యముతోడను బాల్యము గడచినది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము ఉత్తీర్ణులైరి. పిదప మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. అచట ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.యస్.తో తృప్తిపడవలసి వచ్చెను.

ఇంతలో దారుణమైన విపత్తు సంభవించినది. స్ప్రూ అను సంగ్రహణి వ్యాధికి సోదరులిరువురును ఎనిమిది దినముల వ్యవధిలో బలియైరి. ఈ వ్యాధి సోకినవారికి తిన్న ఆహారము వంటబట్టదు; ప్రేగులు పోషకములను గ్రహింపజాలవు; రక్తము క్షీణించును. అదే వ్యాధి సుబ్బారావుగారినిగూడ పీడించెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన ఆయన బ్రతికి బయటపడిరి.

అటుపిమ్మట భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి, ఆయన అమెరికాకు పయనమైరి. మరల తిరిగి వచ్చుట తటస్థింపలేదు. హార్వర్డులో ఫిస్కేతో కలసి రక్తములోని భాస్వరమును కొలుచు విధానమును, తదుపరి జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని కనుగొనిరి. అయినను అచట స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి.

గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టుసారముతో నయమగుటను 1930 ప్రాంతమున లూసీ విల్స్ బొంబాయిలో గమనించియుండెను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పదార్థమును వేరుచేసి, ఆకు అను అర్థముగల లాటిను పదమునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. దానిని 1945లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు కృత్రిమముగ తయారుచేసిరి. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతకు అదియే ఔషధమైనది.

ఆ పోషకము మన వంటయింట సులభముగ లభించునదే. పాలకూర, తోటకూర, శనగలు, పెసలు, అలసందలు, వేరుశనగలు దానికి ఆకరములు. సాయంకాలము బిడ్డలకు నూనెలో వేచిన చిరుతిండ్లకు మారుగ శనగ గుగ్గిళ్ళో, అలసంద గుగ్గిళ్ళో పెట్టినచో ఈ విటమినుతోపాటు మాంసకృత్తులును చేకూరును. కాని ఇది నీటిలో కరగును, అతిగా ఉడికించిన నశించును. కావున ఆకుకూరలను కడిగిన పిదపనే తరిగి, కొద్ది నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోయక వాడవలెను. రక్తహీనత యంతయు దీని లోపమువలననే కలుగదు. ఇనుము లోపము మన దేశమున మిక్కుటము. గర్భిణులకు ఆహారముతోపాటు వైద్యులు సూచించు మాత్రలును అవసరము.

బోదవ్యాధికి హెట్రజాను మందును, రక్త క్యాన్సరుపై 1948లో ఫలితము చూపిన అమినోప్టెరినును ఆయన బృందమే రూపొందించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే నిద్రలో హృద్రోగముచే 53వ యేట పరమపదించిరి. ఆయన కీర్తిని కోరలేదు. చిరకాలము దేశప్రజలే ఆయనను ఎరుగకుండిరి. ఇంటింట ఆకుకూరయు, గుగ్గిళ్ళును పళ్ళెములో చోటుచేసికొన్న నాడు ఆ మహనీయుని స్మృతికి అదియే తగిన నివాళి.