విన్సెంట్ ఫెర్రర్

విన్సెంట్ ఫెర్రర్ (1920 ఏప్రిల్ 9 - 2009 జూన్ 19) స్పెయిన్ దేశంలో జన్మించి, అనంతపురం జిల్లాలో నలభై సంవత్సరాల పాటు పేదల అభ్యున్నతికి కృషి చేసిన సంఘసేవకుడు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్.డి.టి.) వ్యవస్థాపకుడు. జిల్లా ప్రజలు ఈయనను ఫాదర్ ఫెర్రర్ అని పిలిచేవారు. ఇంటిని స్త్రీ పేరున రిజిస్టరు చేయించే పద్ధతి ఈయన స్థాపించిన సంస్థ చేసిన పనులలో ముఖ్యమైనది.

తొలి జీవితం

ఫెర్రర్ బార్సిలోనా నగరంలో జన్మించాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో (1936-39) రిపబ్లిక్ పక్షాన పోరాడాడు. ఓటమి తరువాత ఫ్రాన్సులో శరణార్థి శిబిరంలో గడిపాడు. స్వదేశం చేరి న్యాయశాస్త్రం చదువుతూ మధ్యలో మానివేసి, 1944లో జెస్యూట్ సంఘంలో చేరాడు. 1952లో మతప్రచారకుడిగా బొంబాయి వచ్చాడు.

మన్మాడ్‌లో బావులు

మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో బావులు తవ్వుకోవడానికి పేదరైతులకు వడ్డీ లేని అప్పులు ఇచ్చాడు. ఆయనకు పెరిగిన పలుకుబడి స్థానిక పెద్దలకు నచ్చలేదు. 1968లో దేశం విడిచి వెళ్ళవలసిందిగా ప్రభుత్వం ఆదేశించింది. దీనికి నిరసనగా వేలాది రైతులు బొంబాయికి కాలినడకన తరలివెళ్ళారు. ప్రధాని ఇందిరా గాంధీ జోక్యంతో ఆయన కొంతకాలం స్పెయిన్‌లో ఉండి తిరిగి రాగలిగాడు. మహారాష్ట్రలో ప్రవేశం లేకపోవడంతో 1969లో అనంతపురం చేరుకున్నాడు. 1970లో జెస్యూట్ సంఘాన్ని విడిచి, ఇంగ్లాండుకు చెందిన పాత్రికేయురాలు ఆన్ పెర్రీని వివాహమాడాడు.

అనంతపురం పరిస్థితి

నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డగించడం, ఈశాన్య ఋతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడటం వలన ఈ జిల్లాలో సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వానలు తప్పిన ఏడు మగవారు బెంగుళూరు వంటి నగరాలకు కూలికి వలస పోగా పిల్లలు, వృద్ధులు, అప్పులు స్త్రీలకు మిగిలేవి. కొందరి భర్తలు తిరిగి రాలేదు. 1990ల చివరి నుండి వేరుశనగ పంట నష్టాల వలన ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలు వీటికి తోడయ్యాయి.

ఇటువంటి ఇంటిని మగదిక్కు లేని ఇల్లు అనేవారు. పొలం పట్టా భర్త పేరనో, మామగారి పేరనో ఉండటం చేత, సాగు చేసేది స్త్రీ అయినా బ్యాంకు రుణం గానీ పంట నష్టపరిహారం గానీ ఆమెకు సులభంగా అందేది కాదు. అప్పు తీర్చే భారం మాత్రం ఆమెపైనే పడేది. 1986 నాటి ఆంధ్ర ప్రదేశ్ సవరణ చట్టం హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు కల్పించింది. అయితే పంచుకోవడానికి సెంటు భూమి కూడా లేని కుటుంబాల స్త్రీలకు దాని వలన ఒరిగింది స్వల్పం.

స్త్రీల కొరకు కృషి

బావి వలన మొదట మేలు కలిగేది పొలం ఉన్నవారికే. అనంతపురంలో కూడా నీటి వనరులతో ప్రారంభమైన ఫెర్రర్ కృషి క్రమంగా భూమి లేని దళిత, గిరిజన, వెనుకబడిన కులాల కుటుంబాల వైపు మళ్ళింది. ఆన్ ఫెర్రర్ పర్యవేక్షణలో గ్రామాలలో మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. పొదుపు సొమ్ము నుండి గేదెలు, గొర్రెలు, కుట్టుమిషన్లు కొనుక్కోవడానికి స్త్రీలు అప్పులు పొందారు. వికలాంగ స్త్రీలకు చేతిపనులలో శిక్షణ, ఉపాధి లభించాయి.

బోదకొట్టాల స్థానంలో సంస్థ పక్కా ఇళ్ళు కట్టించి వాటిని ఇల్లాలి పేరున రిజిస్టరు చేయించింది. దీని వలన భర్త ఒక్కడే ఇంటిని అమ్మడానికి గానీ తాకట్టు పెట్టడానికి గానీ వీలు లేకపోయింది. భర్త మరణించినా, వేరొకరిని పెళ్ళాడినా ఆమె పిల్లలతో వీధిన పడదు. కల్యాణదుర్గం, బత్తలపల్లి, కణేకల్లులలో ఆసుపత్రులు వెలశాయి. రోజు కూలిపై ఇల్లు నడిపే స్త్రీకి జబ్బు చేస్తే ఆనాటి ఆదాయం పోవడమే కాక వైద్యానికి అప్పు చేయవలసి వస్తుంది కనుక, ఇవి ఆమెకు ఇంటితో సమానమైన రక్షణ.

సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన కూలి దొరకదు. 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లాలోని బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం స్త్రీ పురుషులకు సమాన వేతనం నిర్ణయించి ఈ లోటును కొంత తీర్చింది.

మరణం, గుర్తింపు

1998లో స్పెయిన్ దేశపు ప్రిన్స్ ఆఫ్ ఆస్టురియాస్ పురస్కారం ఫెర్రర్‌కు లభించింది. 2009 మార్చిలో పక్షవాతానికి గురై, అదే సంవత్సరం జూన్ 19న అనంతపురంలో మరణించాడు. ఆయన సమాధి బత్తలపల్లిలో ఉంది. 2022లో జిల్లాల పునర్విభజనతో ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.