విలేఖరి చేతిలో చరిత్ర: బ్రూస్ కాటన్

చరిత్ర అనగానే మన విద్యార్థి లోకంలో చాలామందికి గుర్తొచ్చేవి తేదీల పట్టిక, పరీక్షల ముందు తిరగేసే గైడు. నేనూ బి.ఏ.లో చరిత్ర చదివినవాణ్ణే కాబట్టి ఆ అవస్థ నాకు కొత్త కాదు. అందుకే, కాలేజీ చదువు పూర్తి చెయ్యకుండానే అమెరికా చరిత్రని సామాన్య పాఠకుల ఇళ్ళలోకి తీసుకెళ్ళిన ఒక పత్రికా రచయిత గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఆయన పేరు బ్రూస్ కాటన్.

కాటన్ 1899 అక్టోబరు 9న మిషిగన్ రాష్ట్రంలోని పెటోస్కీలో పుట్టాడు. పెరిగింది బెంజోనియా అనే చిన్న ఊళ్ళో. తండ్రి అక్కడి విద్యాలయానికి పెద్ద. అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన ముసలి సైనికులు ఆ ఊళ్ళో ఇంకా బతికే ఉన్నారు. నీలం దుస్తులు తొడుక్కుని, తోటివాళ్ళ సమాధుల మీద పూలు పెట్టడానికి వెళ్ళే ఆ తాతల్ని చూస్తూ, వాళ్ళ కబుర్లు వింటూ పెరిగాడాయన. ఆ కబుర్లే నలభై ఏళ్ళ తర్వాత పుస్తకాలయ్యాయి.

1916లో ఓబర్లిన్ కాలేజీలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో నౌకాదళంలోకి వెళ్ళాడు. తిరిగొచ్చినా పట్టా పుచ్చుకోకుండానే విలేఖరి ఉద్యోగంలో దిగాడు. క్లీవ్‌లాండ్, బోస్టన్ పత్రికల్లో పనిచేసి, 1926 నుంచి అనేక పత్రికలకి వ్యాసాలు సరఫరా చేసే ఒక వార్తాసంస్థలో సంపాదకీయాలూ, పుస్తక సమీక్షలూ రాశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వాషింగ్టన్‌లో యుద్ధోత్పత్తి బోర్డు సమాచార విభాగం చూశాడు. ప్రభుత్వంలో నిర్ణయాలెలా జరుగుతాయో దగ్గర్నుంచి చూసిన ఆ అనుభవంతోనే 1948లో ‘ది వార్ లార్డ్స్ ఆఫ్ వాషింగ్టన్’ రాశాడు. అప్పటికాయనకి యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి.

అసలు కాటన్ ఆ తర్వాత బయటపడ్డాడు. ‘మిస్టర్ లింకన్స్ ఆర్మీ’ 1951లో, ‘గ్లోరీ రోడ్’ 1952లో, ‘ఎ స్టిల్‌నెస్ ఎట్ అపొమాటక్స్’ 1953లో వెలువడ్డాయి. మూడో పుస్తకానికి 1954లో పులిట్జర్ బహుమతీ, నేషనల్ బుక్ అవార్డూ వచ్చాయి. ఏమిటి వీటి ప్రత్యేకత అంటారా? సేనాపతుల వ్యూహాలతో పాటు సిపాయిల ఉత్తరాలూ, డైరీలూ, దళాల చరిత్రలూ తిరగేశాడు. బురదలో నడిచినవాడి కాళ్ళనొప్పి దగ్గర్నుంచి యుద్ధాన్ని చెప్పాడు. 1861-65 మధ్య 6 లక్షలకు పైగా సైనికులు చనిపోయిన యుద్ధమది. ఆ అంకె వెనక మనుషులున్నారని పాఠకుడికి తెలిసేలా చేశాడు.

1954లో ‘అమెరికన్ హెరిటేజ్’ పత్రికకి సంపాదకుడయ్యాడు. జనం చదివే చరిత్రకి అదొక వేదిక. యుద్ధ శతాబ్ది సందర్భంగా 1961, 1963, 1965లలో మరో మూడు సంపుటాలు తెచ్చాడు. వాటికి ఇ.బి. లాంగ్ పరిశోధన తోడ్పడింది. జనరల్ గ్రాంట్ జీవితాన్ని మొదలుపెట్టి మధ్యలో కన్నుమూసిన లాయిడ్ లూయిస్ పనిని కూడా 1960, 1969లలో వచ్చిన రెండు పుస్తకాలతో కాటనే పూర్తి చేశాడు. ఒకడు వదిలిన బరువుని ఇంకొకడు భుజానికెత్తుకోవడం శ్లాఘనీయం కాదూ!

అయితే ఒక్క మాట దాచకుండా చెప్పాలి. బానిసత్వమే ఆ యుద్ధానికి మూలమని కాటన్‌కి తెలుసు. నల్ల సైనికులు కూడా ఆయన పేజీల్లో కనిపిస్తారు. కానీ ఆయన మనసు ఎక్కువగా ఉత్తరాది సిపాయి వెంటే నడిచింది. ఆనాడు సంకెళ్ళలో ఉన్న దాదాపు 40 లక్షల మంది కథ కావాలంటే, డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ 1935లో రాసిన ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ లాంటివి పక్కన పెట్టుకుని చదవాల్సిందేనని నా అభిప్రాయం. చిన్నప్పుడు ఎవరి కబుర్లు విన్నామో, పెద్దయ్యాక వాళ్ళ కళ్ళతోనే చూస్తాం. కాటన్ బలమూ అదే, పరిమితీ అదే.

1977లో అధ్యక్షుడు ఫోర్డ్ చేతుల మీదుగా దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందుకున్న కాటన్, 1978 ఆగస్టు 28న మిషిగన్‌లోనే కన్నుమూశాడు. చిన్నతనంలో ఆయన కబుర్లు విన్న ఆ బెంజోనియాలోనే ఆయన సమాధి ఉంది.

మిత్రులారా, మన ఊళ్ళలోనూ ఉద్యమాలు చూసినవాళ్ళూ, కరువులు చూసినవాళ్ళూ, జైళ్ళకి వెళ్ళొచ్చినవాళ్ళూ ఇంకా కొందరు మిగిలున్నారు. ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చోండి. పట్టా చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు.