నక్షత్రములకు వరుస కూర్చిన ఆనీ కానన్

నిర్మలమైన రాత్రివేళ ఆకసమున మెరయు చుక్కలన్నియు మొదటిచూపునకు ఒక్క తీరుగనే తోచును. నిదానించి చూచినచో రోహిణి కొంచెము ఎఱ్ఱగను, చిత్త తెల్లగను, జ్యేష్ఠ కెంపువలెను కానవచ్చును. ఈ భేదమునకు కారణమేమి? లెక్కకు మిక్కిలియగు నక్షత్రములను తరగతులుగా విభజించుటకు వీలు కలదా? పందొమ్మిదవ శతాబ్దాంతమున శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలతో సతమతమగుచుండిరి. వారికి దారి చూపినది ఆనీ జంప్ కానన్ అను అమెరికా దేశపు విదుషి.

ఆమె 1863వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన డెలవేర్ రాష్ట్రమందలి డోవర్ పట్టణమున జన్మించెను. తండ్రి ఓడలు నిర్మించువాడు; రాష్ట్ర శాసనసభయందు సభ్యుడుగా నుండెను. తల్లి మేరీకి నక్షత్రములనిన మక్కువ మెండు. ఆమె తన పాత ఖగోళశాస్త్ర పుస్తకమును ముందుంచుకొని కూతునకు నక్షత్రరాశులను చూపుచు, వాని పేర్లు చెప్పుచుండెను. ఆనీకి తొలి గురువు తల్లియే.

1880లో ఆనీ వెల్‌స్లీ మహిళా కళాశాలలో చేరెను. అచట సారా వైటింగ్ అను భౌతికశాస్త్రోపాధ్యాయిని ఆమెకు వర్ణపటములను పరిశీలించుట నేర్పెను. 1884లో పట్టము పొంది ఆనీ ఇల్లు చేరెను. ఆ కాలమున చదువుకొన్న స్త్రీకి తగిన ఉద్యోగము దొరకుట దుర్లభము. పదేండ్లు ఇంటివద్దనే గడచెను. నడుమ 1892లో చిన్న కెమెరా చేతబట్టుకొని ఐరోపా ఖండమున పర్యటించి వచ్చెను. యౌవనమున సోకిన వ్యాధివలన ఆమెకు వినికిడిశక్తి చాలవరకు నశించెను. తరువాత ప్రాణసమానురాలైన తల్లి మరణించెను. ఆ దుఃఖమునుండి తేరుకొనుటకు ఆమె తన పూర్వపు ఉపాధ్యాయినికి జాబు వ్రాసి, 1894లో మరల వెల్‌స్లీ చేరి సహాయకురాలుగా పనిచేసెను. 1896లో హార్వర్డ్ వేధశాల ఆమెను పనిలోనికి తీసికొనెను.

ఆ వేధశాలాధిపతి ఎడ్వర్డ్ పికరింగ్ అపుడొక బృహత్కార్యమును తలపెట్టియుండెను. దూరదర్శిని ముందు గాజు పట్టకము నమర్చినచో, నక్షత్రము చుక్కగా గాక చిన్న పట్టీగా ఫోటోగ్రాఫు పలకపై పడును. ఆ పట్టీకి అడ్డముగా సన్నని నల్లగీతలుండును. నక్షత్రపు వాయువులు తమకు తగిన కాంతిని పీల్చివేయుటవలన ఆ గీతలు ఏర్పడును. కనుక అవి నక్షత్రము తన్ను గూర్చి తాను వ్రాసికొనిన లేఖవంటివి. నక్షత్ర వర్ణపటములను ఫోటో తీయుటలో ప్రథముడైన హెన్రీ డ్రేపర్ 1882లో అకాలమరణము పొందగా, అతని భార్య భర్తపేర ఈ కార్యమునకు ధనసహాయము చేసెను. పలకలను పరిశీలించుటకు పికరింగ్ స్త్రీలను నియమించెను. వారి కూలి గంటకు ఇరువదియైదు సెంట్లు మాత్రమే. ఓర్పున వారు పురుషులకు తీసిపోరు. వేతనమున మాత్రము ఎంతయో తీసిపోయిరి.

ఆనీ చేరునప్పటికే అచట రెండు పద్ధతులు వాడుకలో నుండెను. విలియమినా ఫ్లెమింగ్ ఆంగ్లాక్షరముల వరుసను తరగతులు చేసి, 1890లో పదివేలకు మించిన నక్షత్రముల పట్టిక వెలువరించెను. ఆంటోనియా మోరీ మిక్కిలి సూక్ష్మముగా పరిశీలించి ఇరువదిరెండు వర్గములు కల్పించెను. మొదటిది సులభము గాని స్థూలము. రెండవది సమగ్రము గాని క్లిష్టము. ఆనీ రెంటిని తూచి చూచెను. పెరూ దేశమందలి అరెకీపా నుండి వచ్చిన పలకలలో 1,122 దక్షిణాకాశ నక్షత్రములను పరీక్షించి, ఫ్లెమింగ్ అక్షరములలో అనవసరమైన వానిని తొలగించి, మిగిలినవానిని తారుమారు చేసెను. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ - ఇదియే 1901లో ఆమె ప్రకటించిన వరుస. అక్షరక్రమము చెడినట్లు తోచును గాని, పట్టీలను ఈ క్రమమున పేర్చినచో గీతలు ఒకదానినుండి మరియొకదానికి మెల్లమెల్లగా మారుచు పోవును. ప్రతి తరగతిని మరల పది భాగములు చేసిరి. చిత్త బి తరగతి, అభిజిత్తు ఎ, రోహిణి కె, జ్యేష్ఠ ఎమ్. మన సూర్యుడు జి తరగతిలో రెండవ అంకెవాడు.

1911లో ఫ్లెమింగ్ మరణింపగా పలకల సంరక్షణాధికారము ఆనీకి లభించెను. ఆ యేడు అక్టోబరునుండి 1915 సెప్టెంబరువరకు ఆమె చేసిన పని నమ్మశక్యము కానిది. భూతద్దముతో పలకను చూచుచు ఆమె తరగతులు చెప్పుచుండగా, సహాయకురాలు వ్రాసికొనుచుండును. నిమిషమునకు మూడేసి నక్షత్రములు! ఈ విధమున 2,25,300 నక్షత్రములకు తరగతులు నిర్ణయింపబడెను. ఏండ్లు గడచిన పిదప అదే నక్షత్రమును మరల చూపినను, తరచు అదే తరగతి చెప్పెడిదట. హెన్రీ డ్రేపర్ పట్టిక 1918 నుండి 1924 వరకు తొమ్మిది సంపుటములుగా వెలువడెను. పికరింగ్ 1919లోనే కన్నుమూసెను.

ఈ వరుస ఇట్లేల యున్నదో ఆనీకి తెలియదు. తెలిసినట్లు ఆమె ఎన్నడును చెప్పుకొనలేదు. ఆమె కంటికి కనబడినదానిని నమ్మకముగా నమోదు చేసెను. కారణము చెప్పినవాడు భారతీయుడు. కలకత్తాలోని మేఘనాథ్ సాహా 1920లో, ఉష్ణోగ్రతనుబట్టి పరమాణువులు విద్యుత్కణములను కోల్పోవు విధమును గణితముతో నిరూపించెను. దానితో హార్వర్డ్ వరుసకు అర్థము తేటపడెను: ఓ మిక్కిలి వేడియైనది, ఎమ్ చల్లనిది. ఆనీ పలకలనే ఆధారము చేసికొని 1925లో సిసిలియా పేన్, నక్షత్రములయందు అత్యధికముగా నున్నది ఉదజని యని కనుగొనెను.

అంతర్జాతీయ ఖగోళసంఘము 1922లో ఆనీ పద్ధతిని అంగీకరించెను. ఆ యేడే ఆమె స్వయముగా అరెకీపా వెళ్లి ఆరునెలలుండి దక్షిణాకాశమును ఫోటోలు తీసెను. 1925లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. విజ్ఞానశాస్త్రమున ఆ గౌరవ పట్టము పొందిన స్త్రీలలో ఆమెయే మొదటిది. 1931లో హెన్రీ డ్రేపర్ పతకము వచ్చెను. దేశదేశములు సత్కరించిన పిమ్మట, 1938లో గాని హార్వర్డ్ విశ్వవిద్యాలయము ఆమెకు తన ఆచార్యవర్గమున స్థానమీయలేదు. అప్పటికి ఆమెకు డెబ్బదినాలుగేండ్లు. పనిలో చేరి నలువదిరెండేండ్లు. 1940లో విశ్రాంతి తీసికొని, 1941 ఏప్రిల్ 13న ఆమె పరమపదించెను.

ఆమె మూడువందల చరకాంతి నక్షత్రములను కూడ కనుగొని, కాంతి హెచ్చుతగ్గులగు నక్షత్రములన్నిటికి పట్టికలు కూర్చెను. 1929లో జర్మనీ దేశస్థుడు హాఫ్‌మైస్టర్ అట్టిదే నొకదానిని చూచెను. అది బి ఎల్ లాసర్టే యను పేర చరకాంతి నక్షత్రముల జాబితాలో చేరెను. దాని వర్ణపటమున గీతలే కానరాలేదు. ఏ తరగతిలో చేర్చవలెను? 1968లో అది రేడియో తరంగములను వెలువరించునని తెలిసెను. అది నక్షత్రమే కాదు. దూరపు గెలాక్సీ నడిబొడ్డున నున్న కృష్ణబిలమునుండి మనవైపు దూసుకొనివచ్చు ధార. 1978లో అట్టివానికి బ్లేజర్లని పేరు పెట్టిరి. రేడియో కిరణములు, కంటికి కనబడు కాంతి, ఎక్స్-కిరణములు, గామా కిరణములు - అన్నిటిని జతపరచి చూచిన గాని వాని జాతి తెలియదు. 2008లో నింగికెగసిన ఫెర్మి ఉపగ్రహము వేలకొలది బ్లేజర్లను నమోదు చేసినది. వానిని వర్గీకరించువారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఆనీ కానన్ అడిగినదే: వర్ణపటమున గీతలున్నవా, లేవా?