శకుని వేషం వెనుక ఒక గాయకుడు

సెలవు రోజున టీవీలో మాయాబజార్ వస్తే మన విశాఖలో, పోర్టు క్వార్టర్లలోనైనా ఉక్కునగరంలోనైనా, ఛానల్ మార్చే ఇల్లు తక్కువ. తాతలు చూశారు, మనం చూశాం, మనుమలు చూస్తున్నారు. అందులో పాచికలు చేతపట్టి, ఓరగా చూస్తూ, మాటను నమిలి నమిలి వదిలే శకునిని చూసి నవ్వుకుంటాం. ఆ వేషం వేసినాయన ఒకప్పుడు పేరుమోసిన రంగస్థల గాయకుడని, కృష్ణుడిగా ఆయన పద్యాలు వినడానికి జనం నాటకాలకు కదలి వచ్చేవారని చెబితే మన పిల్లలు నమ్మరు. ఈ వారం ఆయనను గుర్తు చేసుకోవాలనిపించింది.

ఆయన పేరు చిలకలపూడి సీతారామాంజనేయులు. సి.ఎస్.ఆర్. అంటేనే పదిమందికీ తెలుసు. 1907లో నరసరావుపేటలో పుట్టారు. పాశ్చాత్యులకు ఒపేరా ఎలాంటిదో మనకు పద్యనాటకం అలాంటిది. నటుడు గాయకుడై తీరాలి, గొంతు లేనివాడికి కిరీటం లేదు. రాత్రి పొద్దుపోయాక తెర లేచేది. చివరి వరుసలో తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్న రైతుకు కూడా పద్యంలోని ప్రతి అక్షరం వినబడాలి. నచ్చితే వన్స్ మోర్ అని కేకలు, నచ్చకపోతే మొహం మీదే ఈలలు. కంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు అంకాలు పంచుకునేవారు. పక్కవాడి గొంతుతో పోల్చి చూస్తారన్న భయం ఎప్పుడూ ఉండేది. అంత పోటీలోనూ కృష్ణ పాత్రకు సి.ఎస్.ఆర్. పేరు నిలబడింది.

సినిమా గాయకులను పిలవడం మన దగ్గరే మొదలు కాలేదు. ఇటలీ దేశపు మహాగాయకుడు కరూసోను 1918లో అమెరికాలో సినిమాలో నటింపజేశారు. అది మూగ సినిమా! లోకమంతా మెచ్చిన గొంతును పెట్టుకుని పెదవులు మాత్రం ఆడించవలసి వచ్చింది. మనవాళ్ళు ఆ విషయంలో అదృష్టవంతులు. 1932లో తెలుగు సినిమా మాట్లాడుతూనే పుట్టింది, పాడుతూనే పెరిగింది. అప్పట్లో ప్లేబ్యాక్ లేదు. కెమెరా తిరుగుతుండగా నటుడే పాడాలి, వాద్యాలవారు ఫ్రేముకు అందకుండా ఓ పక్కన కూర్చుని వాయించాలి. స్వరం తప్పితే మళ్ళీ మొదటినుంచి.

మన ఓడరేవు తెరిచిన మూడేళ్ళకు, 1936లో, ఒక వింత పోటీ జరిగింది. ద్రౌపది కథనే ఇద్దరు నిర్మాతలు ఒకేసారి సినిమాగా తీశారు. ఒకదానిలో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. రెండోది ద్రౌపదీ వస్త్రాపహరణం. అందులో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, ద్రౌపది కన్నాంబ, కృష్ణుడు సి.ఎస్.ఆర్. నాటకాల పందిరిలో జరిగే పోటీ వెండితెర మీదికి వచ్చిందన్నమాట. నెగ్గింది సి.ఎస్.ఆర్. ఉన్న సినిమా.

తర్వాత కోయంబత్తూరులో తుకారాం కథను తమిళంలోను, తెలుగులోను తీశారు. తమిళంలో తుకారాం పాత్రకు కర్ణాటక సంగీత విద్వాంసుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్‌ను తీసుకున్నారు. తెలుగులో అదే పాత్ర సి.ఎస్.ఆర్.ది. ఆయన గొంతు మీద ఎంత నమ్మకమో దీన్నిబట్టే తెలుస్తుంది. 1939లో పి. పుల్లయ్య తీసిన బాలాజీలో ఆయనే వేంకటేశ్వరుడు, పద్మావతి శాంతకుమారి.

అక్కడి నుంచి కాలం తిరిగింది. ప్లేబ్యాక్ వచ్చింది. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది కావచ్చునని తేలిపోయాక, పాడగల నటుడి కోసం వెతకాల్సిన పని లేకపోయింది. రంగస్థలం నుంచి వచ్చినవారిలో చాలామంది వెనుకబడిపోయారు. మన సంఘాల్లోనూ ఇలాంటివారిని చూస్తున్నాం. మైకు లేని రోజుల్లో, కీర్తన పైన అచ్చువేసిన రాగం, తాళం చూసి ఎత్తుకుని గుడి నిండా వినిపించిన పెద్దలు, కీబోర్డు, డ్రమ్ములు వచ్చాక వెనుక బల్ల మీద మౌనంగా కూర్చుంటున్నారు. పాడమని అడిగేవారు లేరు. ఆ మౌనం ఎంత బరువైనదో వారికే తెలియాలి.

సి.ఎస్.ఆర్. మాత్రం ఆగిపోలేదు. హీరోగా పాడిన మనిషి చిన్న పాత్రలకు ఒప్పుకున్నారు. 1951లో పాతాళభైరవిలో ఉజ్జయిని రాజు. 1953లో దేవదాసులో పార్వతిని చేసుకున్న వయసు మళ్ళిన జమీందారు. 1955లో కన్యాశుల్కం. ఇది మన ఉత్తరాంధ్ర కథ, 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన గురజాడ నాటకం. అందులోని రామప్పపంతులును గుంటూరు సీమ మనిషి ఎలా పలుకుతాడోనని అనుమానపడనక్కరలేకపోయింది. ఆ కుళ్ళు, ఆ డాబు, ఆ పిరికితనం మాట విరుపులోనే పట్టి ఇచ్చారు. తీసింది మళ్ళీ పుల్లయ్యే. పదహారేళ్ళ క్రితం దేవుణ్ణి చేసిన దర్శకుడే ఇప్పుడు దొంగసాక్ష్యాల పంతులును చేశారు! అందుకు ఒప్పుకోవడానికి ఎంత మనసుండాలి? మా దృష్టిలో ఆయన సినిమాల్లో అన్నిటికన్నా గొప్ప వేషం ఇదే.

రెండేళ్ళకు, 1957లో, మాయాబజార్. 1936లో కురుసభలో ద్రౌపది మానం కాపాడిన కృష్ణుడు, ఇరవై ఒక్క ఏళ్ళకు ఆ సభకు కారణమైన పాచికలను తానే పట్టుకున్నారు. కృష్ణుడి కిరీటం ఎన్.టి. రామారావుది, పద్యాలు ఘంటసాలవి, మాధవపెద్దివి. శకునికి పాట లేదు. 1961లో జగదేకవీరుని కథలో రాజనాల పక్కన మంత్రిగా మరోసారి నవ్వించారు. 1963 అక్టోబరు 8న, 56 ఏళ్ళకే కన్నుమూశారు. కృష్ణుడిగా వెలిగిన ఆ రాత్రులను ఏ కెమెరా తీయలేదు. వాటిని చూసినవాళ్ళూ ఇప్పుడు లేరు.

అయినా ఆ గొంతు పూర్తిగా పోలేదు. మాయాబజార్ చివర పెళ్ళి పందిట్లో శకుని సత్యపీఠం ఎక్కుతాడు. దాని మీద నిలబడ్డవాడి నోట నిజం తప్ప మరొకటి రాదు. దాచుకున్న కుట్రంతా తన నోటితోనే బయటపెట్టేస్తాడు. ఈసారి ఆ ఘట్టం వచ్చినప్పుడు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని వినండి. ఎక్కడ ఊపిరి తీశారో, ఏ మాటను సాగదీశారో, ఏ మాట దగ్గర తాళం వేసినట్టు ఆగారో గమనించండి.