సర్ లుడ్విగ్ గట్‌మన్

1917వ సంవత్సరమున జర్మనీ దేశపు సైలీషియా ప్రాంతమందలి ఒక ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అను యువకుడు సహాయకుడుగా పనిచేయుచుండెను. ఒకనాడు వెన్నెముక విరిగిన బొగ్గుగని కార్మికు నొకని అచ్చటికి గొనివచ్చిరి. అతడు మంచి బలశాలి. అయినను వైద్యులు అతడు కొలది వారములలో మరణించునని నిశ్చయించి ఊరకుండిరి. ఐదు వారములకు అతడు మరణించెను. గట్‌మన్ ఆ కార్మికుని జీవితాంతము మరువలేదు.

ఆయన 1899లో టోస్ట్ అను ఊర యూదు కుటుంబమున జన్మించెను. వైద్యవిద్య ముగించి, బ్రెస్లౌ నగరమున నాడీవైద్యుడుగా ప్రఖ్యాతి గాంచెను. హిట్లరు ప్రభుత్వము యూదులను హింసించుటచే 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండు చేరెను.

1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రియందు వెన్నెముక దెబ్బతిన్న సైనికులకై ఒక విభాగమును నెలకొల్పి, ఆ భారమును గట్‌మన్‌కు అప్పగించిరి. నడుము క్రింది భాగము చచ్చుబడినవారిని నాడు జీవచ్ఛవములుగా ఎంచుచుండిరి. కదలక పడియుండుటచే వారి శరీరము పుండ్లుపడి, మూత్రకోశము చెడి ప్రాణము పోవుచుండెను. గట్‌మన్ రెండు గంటల కొకమారు, పగలనక రేయనక, వారిని ప్రక్కకు త్రిప్పించెను. ఆజ్ఞ అమలగుచున్నదో లేదో చూచుటకు రాత్రివేళ తానే వచ్చెడివాడు.

పుండ్లు మానెను. అయినను తా మిక దేనికిని పనికిరామను భావము రోగులను విడువలేదు. దయతో చెప్పు మాటలచే పోవునది కాదది. గట్‌మన్ కొంత కఠిన స్వభావుడు. దుఃఖించువానిని ఓదార్చుటకంటె పనిలో పెట్టుటయే మేలని తలచెడివాడు. కొందరికి వడ్రంగము, కొందరికి గడియారముల మరమ్మతు నేర్పించెను. పిదప చక్రముల కుర్చీలలో కూర్చుండబెట్టి, చేతికఱ్ఱలతో బిళ్ళను కొట్టు ఆట ఆడించెను. అది మిక్కిలి మోటు ఆట యగుటచే మాని, బంతియాటలను, విలువిద్యను ప్రవేశపెట్టెను. విల్లు ఎక్కుపెట్టుటచే భుజములు బలపడును. అంతేకాదు, కుర్చీలో నున్నవాడు నిలుచున్నవానితో సమముగా పోటీ చేయగల విద్య అది. నిన్నటి రోగి నేడు తన గురిని గూర్చి తోటివానితో వాదించుచుండెను!

1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఆ ఆసుపత్రి ఆవరణమున 16 మంది విల్లు పట్టిరి. వారిలో ఇద్దరు స్త్రీలు. 1952లో హాలెండు నుండియు క్రీడాకారులు వచ్చిరి. 1960లో రోము నగరమున 23 దేశములకు చెందిన సుమారు 400 మంది పాల్గొనిరి. అవియే నేటి పారాలింపిక్ క్రీడలు.

1966లో ఆంగ్ల ప్రభుత్వము గట్‌మన్‌ను సర్ బిరుదముతో గౌరవించెను. 1980లో ఆయన మరణించెను. అంతకు ఎనిమిదేండ్లు ముందు, 1972లో హైడల్‌బర్గ్ నగరమున జరిగిన క్రీడలలో 50 మీటర్ల ఈత పందెమున స్వర్ణపతకము నందినవాడు, 1965 యుద్ధమున గుండ్లు తగిలి గాయపడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్.