యజమాని అక్క, కార్మికుల పెద్దక్క

న్యూఢిల్లీ: అహమ్మదాబాదు చూడబోయిన యాత్రికునికి నేడు సబర్మతీ ఆశ్రమాన్ని, పాత నగరపు ఇరుకు వాడలలోని చెక్కడపు ఇండ్లను, కాలికో వస్త్ర ప్రదర్శనశాలను చూపుతారు. 2017లో యునెస్కో ఆ నగరాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. 1861లో తొలి మిల్లు ప్రారంభమైన నాటి నుండి భారత మాంచెస్టరుగా పేరొందిన ఊరు అది. ప్రదర్శనశాలలోని వస్త్రాల వైభవాన్ని కాదనలేము. కాని ఆ వస్త్రపరిశ్రమలో చెమటోడ్చిన వారి చరిత్ర తెలియాలంటే, ఆ ప్రదర్శనశాలను నెలకొల్పిన సారాభాయ్ కుటుంబపు ఆడపడుచునే స్మరించాలి.

అనసూయా సారాభాయ్ 1885లో జన్మించారు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. పదమూడవ యేట జరిగిన వివాహం నిలువలేదు. 1912లో తమ్ముడు అంబాలాల్ సహాయంతో వైద్యవిద్యకై ఇంగ్లండు వెళ్లారు గాని, జంతువులను కోయడం జైన సంస్కారానికి సరిపడక ఆ చదువు మానుకొన్నారు. అక్కడ ఫేబియన్ల భావాలు, స్త్రీల ఓటుహక్కు ఉద్యమం ఆమెను ఆకర్షించాయి. స్వదేశానికి మరలిన పిమ్మట ఒక ఉదయం, ముప్పదియారు గంటలు ఏకధాటిగా పనిచేసి సోలిపోతూ ఇండ్లకు పోతున్న మిల్లు స్త్రీలను చూచారు. ఆమె జీవితమార్గాన్ని నిర్ణయించినది ఆ దృశ్యమే.

ప్లేగు రోజులలో ఊరు విడువక పనిచేసిన నేతపనివారికి ఇచ్చిన బోనసును 1918లో యజమానులు రద్దు చేశారు. కార్మికులు ముప్పదియైదు శాతం పెంపు కోరారు. యజమానులు ఇరువది శాతం దాటమన్నారు. యజమానుల పక్షాన ముందు నిలిచినవాడు అంబాలాల్, కార్మికుల పక్షాన ఆయన అక్క! మార్చి 15న గాంధీజీ నిరాహారదీక్ష పూనారు. 18న రాజీ కుదిరింది. తుదకు మధ్యవర్తి తీర్పు ముప్పదియైదు శాతానికే మొగ్గింది. 1920లో మజూర్ మహాజన్ సంఘం వెలసింది. కార్మికులు ఆమెను మోటాబెన్, అనగా పెద్దక్క, అని పిలిచారు.

పార్లమెంటు వార్తలు వ్రాసేవారికి ఈ సంఘం కొత్త కాదు. రెండు పర్యాయాలు తాత్కాలిక ప్రధాని అయిన గుల్జారీలాల్ నందా ఈ సంఘంలో తర్ఫీదు పొందినవారే. 1954లో మన వి.వి. గిరి రాజీనామా చేయగా కార్మికశాఖను చేపట్టిన ఖండూభాయ్ దేశాయ్ కూడా అంతే. సమ్మెకంటె మధ్యవర్తిత్వాన్నే నమ్మిన ఈ సంఘం యజమానులకు అనుకూలమని వామపక్షాలు విమర్శించాయి. అందులో సత్యం లేకపోలేదు. నూలువడికే శాఖలో దళితులు, నేతశాఖలో ముస్లిములు అధికులు. శాఖలవారీ సంఘాలు ఆ గోడలను కూల్చలేకపోయాయి.

అనసూయాబెన్ 1972 నవంబరులో కన్నుమూశారు. ఆ ఏడే, సంఘపు మహిళా విభాగం నుండి ఇలాభట్ నాయకత్వాన ‘సేవ’ పుట్టింది. కూరగాయలమ్మేవారు, బరువులు మోసేవారు, ఇంట కుట్టుపని చేసేవారు అందులో చేరారు. 1981లో రిజర్వేషన్ల వివాదంలో ఇలాభట్ దళితుల పక్షం వహించగా, మాతృసంఘం ‘సేవ’ను వెలివేసింది. పిమ్మట మిల్లులు ఒకటొకటిగా మూతబడ్డాయి. పనిపోయిన మగవారి ఇండ్లలో పెక్కింటికి తోపుడుబండి, కుట్టుమిషనే ఆధారమయ్యాయి.