వకాల్తా వదిలి సాక్షిగా మారిన మిషనరీ

స్టాన్లీ జోన్స్ తొలిసారి ప్రసంగించిన రోజు దేవుడి తరఫు లాయరులా వాదించాలనుకున్నారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో, సొంత చర్చిలో, బంధుమిత్రుల ఎదుట నిలబడ్డారు. ఎవరూ వాడని ఓ పెద్ద మాట దొర్లింది. ఒక అమ్మాయి కిసుక్కున నవ్వింది. అంతే, సిద్ధం చేసుకున్నదంతా మరిచిపోయారు. వెళ్లి కూర్చోబోతూ ఆగి, క్రీస్తు వల్ల తన జీవితం ఎలా మారిందో మాత్రం చెప్పారు. అది విన్న ఓ యువకుడు తనకూ ఆ అనుభవం కావాలని ముందుకొచ్చాడు. దేవుడికి కావాల్సింది లాయరు కాదు, సాక్షి అని జోన్స్‌కు ఆ రోజే అర్థమైంది.

1884లో మేరీల్యాండ్‌లో పుట్టిన ఆయన 1907లో మెథడిస్టు మిషనరీగా లక్నో వచ్చారు. కొన్నేళ్లకే పని భారంతో ఆరోగ్యం కుప్పకూలింది. కోలుకున్నాక చదువుకున్న హిందువులు, ముస్లింల మధ్య బహిరంగ సభలు పెట్టారు. వాటికి తరచూ క్రైస్తవేతరులే అధ్యక్షులు. ఏ మతాన్నీ విమర్శించేవారు కాదు. ప్రసంగం ముగిశాక ఎలాంటి ప్రశ్నకైనా జవాబిచ్చేవారు. క్రీస్తు వేరు, పాశ్చాత్య నాగరికత వేరు అని స్పష్టంగా చెప్పేవారు. 1925లో వచ్చిన ‘ద క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్’ పుస్తకం సారాంశమూ ఇదే.

తర్వాత ఆయన మొదలుపెట్టినవి రౌండ్ టేబుల్ సమావేశాలు. వేర్వేరు మతాల వాళ్లు, ఏ మతమూ నమ్మనివాళ్లూ కలిసి కూర్చునేవారు. వాదన, ఉపన్యాసం నిషిద్ధం. తన విశ్వాసం కష్టకాలంలో తనకు ఏ మేరకు పనికొచ్చిందో ఎవరికి వారు చెప్పాలి. ఇది క్రైస్తవులకూ పరీక్షే. అనుభవం లేకుండా కేవలం సిద్ధాంతం వల్లిస్తే అక్కడ ఇట్టే తెలిసిపోయేది.

ఆయన తన ఉద్దేశాన్ని ఎన్నడూ దాచలేదు. మనుషులు క్రీస్తును అనుసరించాలనే కోరుకున్నారు. మతమార్పిడి విషయంలో గాంధీజీ ఆయనతో ఏకీభవించలేదు. అయినా స్నేహం చెడలేదు. క్రైస్తవులు ముందు క్రీస్తులా జీవించాలని, ఇతర మతాలను సానుభూతితో చదవాలని గాంధీ ఇచ్చిన సలహాను జోన్స్ జీవితాంతం చెబుతూ వచ్చారు. గాంధీపై ఆయన 1948లో రాసిన పుస్తకం మార్టిన్ లూథర్ కింగ్‌ను అహింస వైపు నడిపించిన వాటిలో ఒకటి.

1928లో బిషప్‌గా ఎన్నికైనా ఆ పదవి వద్దనుకున్నారు. 1930లో నైనిటాల్ సమీపంలోని సాత్‌తాల్‌లో ఆశ్రమం స్థాపించారు. అక్కడ పాకీ పనివారికి వారానికో రోజు సెలవు. ఆ రోజు వారి పని ఆశ్రమవాసులే చేసేవారు. తమకేం కావాలో, తమలో లోపమేమిటో ఒకరితో ఒకరు దాపరికం లేకుండా చెప్పుకోవడం ఆశ్రమ కార్యక్రమాల్లో భాగం. 1973లో ఆయన బరేలీలో కన్నుమూశారు.

మతం గురించి మాట ఎత్తితే చాలు, అనుమానం మొదలయ్యే రోజులివి. ఎదుటివారి నమ్మకం పొందడానికి జోన్స్ ముందు తన ఉద్దేశం బయటపెట్టారు, ఆపై వాళ్లు చెప్పింది చివరిదాకా విన్నారు. ఆయన విశ్వాసంతో ఏకీభవించనివారు కూడా ఆయన బల్ల దగ్గర కూర్చోవడానికి వచ్చింది అందుకే.